తెగిన కన్ను

డొంకూరు మా అమ్మ పుట్టిల్లు. ఇచ్ఛాపురం మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల ఊరు, ఒడిశా సరిహద్దుకి దగ్గర. మా మేనమామని ఇంటి దగ్గర పట్టుకోవాలంటే ఏప్రిల్ 15కీ జూన్ 14కీ మధ్య వెళ్లాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా మరబోట్ల వేట ఆపేసే ఆ 61 రోజులూ మామ ఊళ్లోనే ఉంటాడు. ఖాళీగా ఉంటాడని కాదు. ఏడాదంతా చిరిగిన వలలు బాగయ్యేది అప్పుడే.

ఇక నా సంగతి. 12 ఏళ్లుగా మా సంఘం నెలపత్రికకి ఒక పేజీ రాస్తున్నాను. ఇంట్లోనో బజారులోనో బస్సులోనో ఎదురైన చిన్న సంగతి తీసుకుని, అందులో క్రీస్తు మనకి నేర్పేది ఏముందో చెప్పడం ఆ పేజీ పని. పాలు పొంగిపోవడం దగ్గర్నుంచి కరెంటు పోవడం దాకా అన్నిటిమీదా రాశాను. కొందరు ఆ పేజీ కత్తిరించి బైబిల్లో దాచుకుంటారు. మామకి చదువు అంతగా రాదు. మనవరాలు చదివి వినిపిస్తుంది.

మొన్న మే నెలలో వెళ్లేసరికి సరుగుడు చెట్ల నీడన వల పరుచుకుని కూర్చున్నాడు. పక్కన రెండు కాగితాలు, గాలికి ఎగరకుండా వాటిమీద వలకి కట్టే సీసం గుళ్లు. రెండూ నేను రాసినవే. "కూకో పిల్లా. ఈటి సంగతి మాటాడాలి" అన్నాడు. ఆ మధ్యాహ్నం మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు జ్ఞాపకం ఉన్నంతవరకు రాస్తున్నాను. నాకు జవాబు దొరకని చోట్లు కూడా తీసెయ్యలేదు.

మామ: ముందు ఇది. తుఫాను కాగితం. కొబ్బరిసెట్లు ఎందుకు పడిపోనాయని రాసినావో ఓపాలి సదువు.

నేను: "వేరు లోతుకి దిగని చెట్టు గాలికి నిలవదు. ప్రార్థన లేని విశ్వాసమూ అంతే" అని రాశాను.

మామ: తిత్లీ వచ్చిన రాత్రి ఎక్కడున్నావు నువ్వు?

నేను: విశాఖపట్నంలో.

మామ: నాను ఇక్కడే ఉన్నాను. 2018 అక్టోబరు 11, తెల్లారగట్ల. పలాస కాడ ఒడ్డెక్కినాదన్నారు గాని మా ఇంటి రేకులు ఇక్కడ లేచిపోనాయి. గాలి తగ్గినాక తోటలోకి ఎల్లినాను. మీ తాత నాటినవి 11 సెట్లు. రెండు ఏరుతో సహా లేచిపోనాయి. తొమ్మిది నడుం కాడ ఇరిగినాయి. మొదలు నిలబడే ఉన్నాది, ఏరు బూమిలోనే ఉన్నాది. ఐదేళ్ల ముందు ఫైలిను తుఫానుకి తట్టుకున్న సెట్లవి. ఆటికి ఏరు లేదని ఎలగ రాసినావు?

నేను: అది పోలిక మామా. చెట్టు గురించి కాదు నేను చెప్పింది.

మామ: పోలికైనా సెట్టు మీద అబద్దం ఆడకూడదు కదా? సెట్టు ఏమీ అనుకోదులే. మనుషులు అనుకుంటారు. ఆ ఆదివారం నీ కాగితం మైకులో సదివినారు. కవిటి కాణ్ణుంచి వచ్చినాయన ఒకడు, తోటంతా పోనోడు, మధ్యలో లేచి ఎల్లిపోనాడు. సెట్టుకి ఏరు లేదంటే తనకి ఏరు లేదన్నారని ఇన్నాడు ఆయన.

ఇది నాకు అప్పటిదాకా తెలియదు. మా ఈ ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఆ పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస మీద బతికే నేల. ఇక్కడి నాటు కొబ్బరి కాపుకి రావడానికే ఆరేడేళ్లు పడుతుంది. 50 ఏళ్లు దాటినవాడి తోట పడిపోతే మళ్లీ నాటాలా వద్దా అన్నది వాడి వయసు లెక్కకి సంబంధించిన ప్రశ్న. అలాంటివాడు చాప మీద కూర్చుని నా రెండు వాక్యాలు విన్నాడు.

నేను: తప్పే మామా. లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది, చదివి కూడా మరిచిపోయాను. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకోవద్దని ప్రభువే తేల్చి చెప్పాడు. పడినవాళ్లని చూపించి పాఠం చెప్పడానికి ఆయన ఒప్పుకోలేదు. మీరే మారండి అని, వింటున్నవాళ్లవైపు తిప్పాడు.

మామ: మరి అది తెలిసీ?

నేను: తెలిసీ రాశాను. కానీ మొత్తానికి పాఠమే వద్దంటే నేను ఒప్పుకోను. ఆయన చెప్పినవన్నీ కళ్లముందు ఉన్నవాటితోనే కదా? విత్తనం, పులిసిన పిండి, ఇల్లు ఊడ్చి వెతికిన నాణెం. మత్తయి 13లో మీ వల కూడా ఉంది.

మామ: ఆ వల కథ వల తెలిసినోడు సెప్పినదే. ఒడ్డుకి లాగీసి, కూకొని, మంచివి గంపలో ఏసి, పనికిరానివి పారీడం. నిలబడి ఏరరు, కూకొనే ఏరుతారు. అది కూడా సెప్పినాడు సూడు. ఆయన అబద్దం ఆడలేదు. ఇంకోటి. బోటులో ఉన్నోళ్ల మీదికి తుఫాను వచ్చినాది. అప్పుడు లేచి పోలిక సెప్పినాడేటి? గాలిని ఆపినాడు.

నేను: ఆపాక అడిగాడుగా, మీ విశ్వాసం ఏమైంది అని?

మామ: ఆపినాక. నాను సెప్పేదీ అదే.

వల మీదే ఉంది అతని చూపు. వలలో ఒక్కొక్క గడిని మా వాళ్లు కన్ను అంటారు. కన్ను తెగితే మరమ్మతు మనం అనుకున్నట్టు మొదలవదు. తెగినచోట పీచుపీచుగా వేలాడే దారాలన్నీ కత్తితో కోసేస్తాడు. చిన్న చిరుగు కాస్తా పెద్దదవుతుంది. చుట్టూ గట్టి ముడులు దొరికేదాకా కోస్తూనే పోతాడు. అప్పుడు సూదికి దారం చుట్టి, ఎడమచేతి వేలు కొలతగా పెట్టుకుని, పాత కన్ను ఎంత ఉందో కొత్త కన్నూ అంతే వచ్చేట్టు ముడి మీద ముడి వేస్తాడు. కన్ను పెద్దదైతే చేప పోతుంది, చిన్నదైతే అక్కర్లేని పిల్లచేప పడుతుంది. నేను కళ్లార్పకుండా చూస్తున్నానని గమనించాడు.

మామ: ఇది రాసుకోకు.

నేను: ఎందుకు రాసుకోకూడదు? మార్కు సువార్త మొదటి అధ్యాయంలో జెబెదయి కొడుకులు దోనెలో వలలు బాగుచేసుకుంటున్నారని ఉంది. అక్కడ వాడిన గ్రీకు మాటనే పౌలు గలతీయులకి రాసినప్పుడు ఇంకోచోట వాడాడు. ఎవరైనా తప్పులో పడితే వాణ్ణి మెల్లగా దారికి తెమ్మని చెప్పిన చోట. వలని బాగుచెయ్యడానికీ మనిషిని బాగుచెయ్యడానికీ ఒకటే మాట మామా.

అతని చెయ్యి ఆగింది. ఈ సంగతి అతనికి నచ్చిందని మొహంలో కనబడింది. కాని ఒప్పుకోవడానికి తొందరపడే మనిషి కాదు.

మామ: బాగున్నాది. అంటే రాసినోడికి వల తెలుసన్నమాట. ఐతే ఒకటి సెప్పు. వల కుట్టేవోడు వలకి బోధ సేస్తాడేటి? నువ్వు ఇలగ సిరిగిపోకూడదే, నిన్ను సూసి మిగతా వలలు నేర్చుకోవాలే అంటాడేటి?

నేను: అనడు.

మామ: మరి ఈ రెండో కాగితం ఏటి?

రెండోది మా అత్త గురించి. కిడ్నీ జబ్బుతో పోయింది. ఉద్దానంలో ఈ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. నీళ్లంటారు, ఎండలో చాకిరీ అంటారు, నొప్పి బిళ్లలంటారు. ఎన్నో బృందాలు వచ్చి రక్తం, నీళ్లు, మట్టి పట్టుకెళ్లాయి. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచింది 2023 డిసెంబరులో. అప్పటికి అత్త లేదు. ఆవిడ డయాలసిస్‌కి సోంపేట వెళ్లేది, వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. ఒకసారి నేను తోడు వెళ్లాను. వచ్చాక "ఓర్పు" అని పేరు పెట్టి ఒక పేజీ రాశాను.

మామ: మీ యత్త ఓర్చుకున్నాదని రాసినావు. యంత్రం పక్కన పడుకుని ఒక్క మాట అనలేదనీ, మనసులో ప్రార్థన సేసుకుంటన్నాదనీ రాసినావు.

నేను: నాకలాగే కనిపించింది మామా.

మామ: మాటాడ్డానికి ఓపిక లేదు ఆవిడికి. ప్రార్థన కాదది. ఇంటికొచ్చినాక ఏటి సేసేదో నీకు తెలీదు. డాక్టరు రోజుకి ఇన్నే నీళ్లన్నాడు, టీ కూడా అందులోదే. వైశాఖంలో ఎండలు ఎలగుంటాయి? మంచుగడ్డ ముక్క నోట్లో ఎట్టుకుని సప్పరించీది. సుట్టూ కొబ్బరిసెట్లు, కొబ్బరినీళ్లు మాత్రం తాగకూడదు, గుండికి ఆపదన్నారు. ఒక రాత్రి నాను తొంగున్నాక లేచి కుండలోంచి సెంబుడు నీళ్లు తాగీసినాది. తెల్లారికి మొకం ఉబ్బిపోనాది, ఊపిరి అందలేదు. నాను తిట్టినాను. ఆవిడ నన్ను తిట్టినాది. నన్నే కాదు, దేవుణ్ణి తిట్టినాది. పేరెట్టి తిట్టినాది. ఆవిడ తిట్టినదంతా నువ్వు తీసీసి, ఓర్పని పేరు ఎట్టినావు.

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. అలలు ఒడ్డుకి కొట్టుకుంటున్నాయి. మామ మనవరాలు రెండు గ్లాసుల్లో టీ తెచ్చి పెట్టి వెళ్లింది.

నేను: తిట్టినా తప్పు కాదు మామా. కీర్తనల గ్రంథంలో ఫిర్యాదులు బోలెడు. యోబు తాను పుట్టిన దినాన్ని శపించాడు. ఆఖరికి దేవుడు తప్పు పట్టింది యోబుని కాదు, అతనికి పాఠాలు చెప్పిన స్నేహితుల్ని.

మామ: ఆళ్లు ఏటి సేసినారు?

నేను: వచ్చి ఏడు రోజులు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు, ఒక్కమాట మాట్లాడకుండా. అంతవరకు వాళ్లకంటే మంచి స్నేహితులు లేరు. నోరు తెరిచాకే చెడింది.

మామ: అదీ. ఏడు రోజులు కూకున్నారు. నువ్వు ఒక పూట కూకుని ఒక పేజీ రాసినావు.

నేను: ఒప్పుకున్నాను. కాని నన్ను కూడా ఒకటి అడగనీ. దానికి జవాబు చెప్పకుండా దాటెయ్యకు. అత్త డయాలసిస్‌కి తిరిగిన ఆ మూడేళ్లలో ఏ పాఠమూ లేదంటే, ఆ దాహం, ఆ ప్రయాణాలు, ఆ తిట్లు, అన్నీ ఉత్తినే పోయినట్టా? నేను రాసేది అందుకే మామా. గొప్పకి కాదు. జరిగినది వృథాగా పోకూడదని. అత్త పడిన బాధ ఇంకొకరికి కాస్త ఊతం అవుతుందేమోనని.

మామ: ఉత్తినే ఎందుకు పోతాది? నాను ఉన్నాను కదా అక్కడ.

నేను: నువ్వేం నేర్చుకున్నావు?

మామ: కూర వండడం నేర్చుకున్నాను. ముక్కలు సన్నగా తరిగి, నీళ్లలో నానెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి, ఆ నీళ్లూ పారబోసి, అప్పుడు వండాలి. ఉప్పు సిటికెడు. పుట్టి బుద్దెరిగి పొయ్యి కాడికి ఎల్లనోణ్ణి. రుసి ఉండదు. ఆవిడ పళ్లెం తోసీసేది. మళ్లీ ఎట్టేవోణ్ణి. నేర్చుకున్నది అదే. దాన్ని మైకులో ఏటి సెప్తాను?

నేను: అదే చెప్పాలి మామా! శిష్యుల కాళ్లు కడిగిన దానికి ఇంతకంటే దగ్గరి సంగతి నా 12 ఏళ్ల పేజీల్లో ఒక్కటీ లేదు.

మామ: ఇదుగో, మళ్లీ మొదలెట్టినావు.

నేను: లేదు, విను. నీకు చేపల వాటాల దగ్గర ఒక అలవాటు ఉంది. వల వాళ్ల వాటా, బోటు వాటా, జనం వాటా అయ్యాక, సముద్రంలో పోయినవాడి ఇంటికి ఒక పాలు తీసి పెడతావు. ఇశ్రాయేలీయులకి చెప్పిన మాట అదే. పొలం అంచుల దాకా కొయ్యకండి, పరిగె విధవరాలికీ పరదేశికీ వదలండి. రూతు బతికింది ఆ పరిగె ఏరుకునే.

మామ: మా అయ్య తీసేవోడు, నాను తీస్తన్నాను. అయ్య బాప్తిస్మం తీసుకోలేదు. ఆఖరిదాకా గంగమ్మకే మొక్కినాడు. ఆయన అయ్యా తీసేవోడు. కెనడా మిషను దొరలు రాకముందు మాట. దాన్ని కూడా మీ పుస్తకంలో ఏసుకుంటావేటి?

ఈ ప్రశ్న దగ్గర నేను నిజంగా తడబడ్డాను. సగం బైబిలు భాషలో మాట్లాడే మాలాంటి వాళ్లకి ఒక పాడు అలవాటు ఉంటుంది. ఎక్కడ మంచి కనబడినా మన చీటీ అతికించేస్తాం. మామ తండ్రి గంగమ్మ భక్తుడిగా బతికాడు, గంగమ్మ భక్తుడిగానే పోయాడు. ఆయన తీసిన పాలు ఆయనది, ఆ ఊరిది.

నేను: వేసుకోను. తాతది తాతదే. కాని నాకు అందులో ప్రభువు జాడ కనిపిస్తే కనిపించలేదని అనలేను. నీకు అలల రంగు చూస్తే కవ్వళ్లు ఎటు పోతున్నాయో తెలుస్తుంది. నాకు నీళ్లు తప్ప ఏమీ కనపడవు. నాకు కనపడలేదని చేప లేనట్టా? అలాగే నాకు కనపడేది ఒకటి ఉంది. దాన్ని నీ మీద రుద్దకూడదు, అంతే.

మామ: రుద్దకపోతే సరే.

నేను: సోంపేట అంటే నీకు డయాలసిస్ ఒక్కటే గుర్తొస్తోందా? తాతకి కంటి ఆపరేషను ఎక్కడ చేశారు?

మామ: సోంపేటలోనే, ఆరోగ్యవరం ఆస్పత్రిలో. నాను సిన్నగుంటణ్ణి. ఎడ్లబండి మీద తీసుకెల్లినారు. అక్కడ పొద్దున్న ప్రార్థన ఉండేదట. అయ్య ప్రార్థనలో ఏటి సెప్పినారో ఒక్క ముక్క గుర్తెట్టుకోలేదు. కట్టు ఇప్పినాక ముందు అమ్మ మొకం కనపడినాదని సచ్చిపోయే ముందు కూడా సెప్పినాడు. ముసిల్దానివైపోనావేటే అన్నాడట.

నేను: ఆ ఆస్పత్రిలో కెనడా నుంచి వచ్చిన బెన్ గల్లిసన్ అనే డాక్టరు పనిచేశాడు. 1963లో కెనడాలోని కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారికి ఆయన ఇక్కడి సంగతి చెప్పాడు. 25 డాలర్లుంటే ఒక మనిషికి చూపు వస్తుందని. జెంకిన్స్ ఆ మాట విని ఊరుకోలేదు. డబ్బు పోగుచేసి పంపడం మొదలుపెట్టాడు. ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అలా పుట్టింది. ఇప్పటికీ చాలా దేశాల్లో పనిచేస్తోంది. దాని మొదలు ఇక్కడే, మన సోంపేటలో. ఇప్పుడు చెప్పు మామా, ఇంట్లో కూర్చుని ఎవరో చెప్పిన చిన్న సంగతిలోంచి ఒక పాఠం తీసుకోకపోతే ఆ డబ్బు ఇక్కడికి వచ్చేదా? తాతకి మీ అమ్మ మొహం కనబడేదా?

మామ సూది పక్కన పెట్టాడు. ఈసారి ఆలోచించుకుని మాట్లాడాడు.

మామ: వచ్చేది కాదు. ఐతే సూడు. ఆయన ఆ సంగతి ఇని, ఎవులికి సెప్పుకున్నాడు? తనకి సెప్పుకున్నాడు. గుడ్డోళ్లని సూసి మనం ఏటి నేర్చుకోవాలని కాగితం రాయలేదు. నాను ఎంత పంపాలి అనుకున్నాడు. పుట్టుగుడ్డోడి కథ ఉన్నాది కదా, యోహానులో?

నేను: ఉంది. 9వ అధ్యాయం. వీడి పాపమా, తల్లిదండ్రుల పాపమా అని శిష్యులు అడుగుతారు.

మామ: మీ యత్తకి జబ్బొచ్చినప్పుడు మన సంఘంలోనే ఒకాయన అదే అడిగినాడు. నాను మాటాడలేదు. పాస్టరు గారు లేచి ఈ కథే సదివినాడు. ప్రభువు ఇద్దరి పాపమూ కాదన్నాడు. నేల మీద ఉమ్మేసి మట్టి కలిపినాడు. ఆయన సెయ్యి మట్టైనాది ముందు.

ఇక్కడ నాకు పురుషోత్తమ చౌదరి గుర్తొచ్చాడు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, శ్రీకాకుళం పక్కల బోధ చేసిన మనిషి. ఆయన కీర్తనలు ఈనాటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం పేరు, తాళం పేరుతో ఉన్నాయి. చదువురాని మామకి వాటిలో చాలా నోటికి వచ్చు. నాకు తెలిసిన ఆయన పాటల్లో వేలు ఎప్పుడూ తనవైపే ఉంటుంది. నా పాపం, నా దిక్కులేనితనం, నన్ను కాపాడు. నీకు ఇది నేర్పుతున్నాను అనే గొంతు వాటిలో నాకు వినపడలేదు. 200 ఏళ్లు కావస్తున్నా పడవ మీద పాడుకుంటున్నారంటే, పాడేవాడు ఆ "నన్ను" దగ్గర తనని పెట్టుకోగలడు కాబట్టే. నా పేజీల్లో "మనం" అని ఉంటుంది. ఆ "మనం"లో నేను లేనని, ఎదుటివాళ్లే ఉన్నారని ఆ మధ్యాహ్నం మొదటిసారి అనిపించింది.

కాని నాలో మొండితనం ఉంది. ఓడిపోతున్నానని కాదు, మామ చెప్పేదాంట్లో ఒక తప్పించుకోవడం కనబడి.

నేను: ఎవరి పాఠం వాళ్లకే అంటున్నావు. బాగుంది. ఐతే తనకి తాను చెప్పుకోని మనిషి సంగతి ఏమిటి? వాడికి పక్కవాడు చెప్పక్కర్లేదా?

మామ: ఎవులు వాడు?

నేను: కోపం తెచ్చుకోకు. ఇప్పుడు కన్ను తెగితే ఏం చేశావు? చుట్టూ కోశావు. గట్టి ముడి దొరికేదాకా వెతికావు. చిన్నమామతో నాలుగేళ్లుగా మాటల్లేవు. ఇంజను అప్పు దగ్గర వచ్చిన తగువు. చిరుగు ఇంతే. దాన్ని ఇటు నువ్వు కొయ్యవు, అటు ఆయన కుట్టడు. రోజూ వల బాగుచేసే చేతులు ఇవే కదా మామా.

మామ: ఒల్లకో.

నేను: వలకి ఎవరూ బోధ చెయ్యరన్నావు. వలకి చెవులు లేవు. నీకున్నాయి.

మామ: ఒల్లకోమన్నానా!

ఆ అరుపుకి మనవరాలు గుమ్మంలోకి వచ్చింది. ఆ మాట నేను అనకుండా ఉండాల్సిందా? ఆ మధ్యాహ్నమంతా అతను నాకు చెప్పినదానికి అది ఎదురే. తెగినచోట వేలు పెట్టి పాఠం చెప్పాను. అయినా పూర్తిగా తప్పనిపించడం లేదు, ఇది రాస్తున్న ఇప్పుడు కూడా. కొబ్బరితోట పోయినవాడికి చెప్పడం వేరు, చెయ్యగలిగి చెయ్యనివాడికి చెప్పడం వేరు. నాతాను ప్రవక్త ఊరుకోలేదు, తప్పు చేసిన దావీదు రాజు మొహం మీదే గొర్రెపిల్ల కథ చెప్పాడు. ఐతే ఎవడికి ఏది చెప్పాలో పోల్చుకోవడానికి ముందు ఏడు రోజులు పక్కన కూర్చోవాలి. నేను మామ పక్కన కూర్చున్నది ఒక్క మధ్యాహ్నం.

అతను మళ్లీ సూది తీసుకున్నాడు. పది కళ్లు అల్లేదాకా మాట్లాడలేదు.

మామ: ఇంజను సంగతి నీకు సగమే తెలుసు.

నేను: మిగతా సగం చెప్పు.

మామ: సెప్పను. నువ్వు రాసీస్తావు.

నేను: రాయను.

మామ: ఐనా సెప్పను. అది నాది. నాను సూసుకుంటాను.

నాలుగిళ్ల అవతల చిన్నమామ ఇల్లు. గుమ్మంలో ఎవరో నీళ్లు చల్లుతున్నారు. మామ అటు చూడలేదు.

చాలాసేపటికి అతనే మళ్లీ కదిలాడు. సీసం గుళ్ల కిందనుంచి "ఓర్పు" కాగితం తీసి నా ఒళ్లో పెట్టాడు.

మామ: ఇది మళ్లీ రాయి.

నేను: ఏమని?

మామ: జరిగినట్టు.

నేను: దేవుణ్ణి తిట్టిన సంగతి కూడా?

మామ: అది ముందు రాయి. యోబు పుస్తకంలో ఎట్టినారన్నావు కదా, మీ యత్తది ఎట్టడానికి భయమేటి?

నేను: చివర్లో వాక్యం ఏది పెట్టమంటావు? నెలనెలా చివర ఒక వాక్యం ఉంటుంది. లేకపోతే అడుగుతారు.

మామ: అడగనీ. తిబెరియ సముద్రం ఒడ్డున ప్రభువు నిప్పులేసి సేప కాల్సినాడు కదా? రాత్రంతా ఏటలో ఉన్నోళ్లని ముందు తినమన్నాడు. ఆళ్లు తిన్నాక పేతుర్ని అడిగినాడు అడగాల్సినది. కాలుస్తా కాలుస్తా ఏ పాఠమైనా సెప్పినాడని రాసుందా?

నేను: లేదు.

మామ: మరి?

అక్కడే, సరుగుడు నీడలో, ఆ కాగితం వెనకవైపు రాశాను. రాసి అతనికి చదివి వినిపించాను. మొదటిసారి రాసినదాంట్లో చివర ఒక వాక్యం ఉంది, మామ రోజూ రెండుసార్లు నీళ్లు పారబోసి కూర వండిన సంగతి, పళ్లెం తోసేస్తే మళ్లీ పెట్టిన సంగతి. అది వినగానే తల అడ్డంగా ఊపాడు. "అది తియ్యి" అన్నాడు. ఎందుకని అడిగితే జవాబు చెప్పలేదు. తీసేశాను. మిగిలింది ఇది.

మా అత్తకి డాక్టరు నీళ్లు తగ్గించమన్నాడు. ఒక రాత్రి ఆవిడ లేచి కుండలోంచి చెంబెడు నీళ్లు తాగేసింది. తెల్లారి ఊపిరి అందక, ఇంటాయన్నీ దేవుణ్ణీ పేరు పెట్టి తిట్టింది. ఆ తిట్టు విన్నవాళ్లు ఇద్దరూ ఆవిణ్ణి వదిలి వెళ్లలేదు.

"ఇద్దరూ అంటే?" అని మామ అడిగాడు. చెప్పాను. కాసేపు సముద్రంవైపు చూసి, అది ఉండనిమ్మన్నాడు.